నడుస్తోంది, ఒక సెకను

ఆ అట్టముక్క వయసు పదకొండేళ్ళు. బూట్లపెట్టె మూతను కత్తిరించి, దాని మీద నల్లసిరాతో నాలుగు వరుసలు రాసి, శీతల గిడ్డంగి కంట్రోలు గదిలో కంప్యూటరు పక్కనున్న మేకుకు తగిలించారు. రోజూ ఉదయం ఆరున్నరకు పెద్దాయన వచ్చి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఆ నాలుగు వరుసలనూ అక్షరం అక్షరం చూసి కొట్టేవాడు. నిజానికి ఆయన కంప్రెసర్ ఆపరేటరు. పైపుల్లో అమ్మోనియా ఎంత ఒత్తిడితో పోతోందో చేత్తో తాకి చెప్పగల మనిషి. కంప్యూటరంటే మాత్రం అల్లుడింటికి వెళ్ళినంత మొహమాటం.

మొదటి వరుస కొడితే ముందురోజు నుంచి నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. మిగతా మూడు వరుసలూ మూడు ప్రోగ్రాముల్ని మళ్ళీ లేపుతాయి. వాటికి పేర్లు పెట్టింది ఆయనే. గాలిలో అమ్మోనియా ఎంతుందో చూసేది ముక్కు. గదుల చలి చూసేది చెయ్యి. ముక్కు చెప్పిన అంకె హద్దు దాటితే పెరట్లో సైరన్ మోగించేది గొంతు. గొంతు లేవగానే సైరన్ ఒక్కసారి చిన్నగా 'బూ' అని ఆగేది. దాన్ని అందరూ పలకరింపు అనేవాళ్ళు. పలకరింపు వినపడితేనే ప్యాకింగ్ గది ఆడవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకునేవాళ్ళు.

అక్కడ ఒక మాట ఉంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ముందు చెప్పేది అదే: "ముక్కును నమ్మకు, గొంతును నమ్ము." అమ్మోనియా గిడ్డంగిలో వాసన ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. ఘాటుగా అనిపించిన ప్రతిసారీ పరిగెత్తితే పని సాగదు, మేనేజరు ఊరుకోడు. అందుకే సైరన్ మోగితే చేతిలో ఏదుంటే అది వదిలేసి గేటు దగ్గరికి పరుగు. మోగకపోతే కదలొద్దు.

ఆ గిడ్డంగికీ, ఊరి అవతలున్న రెండో గిడ్డంగికీ కంప్యూటర్లు చూసుకునే అమ్మాయిని అందరూ కంప్యూటరమ్మ అనేవాళ్ళు. ఆమె పెద్దాయనకు కోడలు కావడం వెనక ఒక కళ్ళజోడు కథ ఉంది. పెద్దాయన కళ్ళజోడు ఒకసారి కిందపడి విరిగింది. ఆయన కొడుకు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. బాగుచేసి తెచ్చి ఇచ్చేసి పోవలసినవాడు అరగంట నిలబడ్డాడు. మర్నాడు మర వదులైందేమో చూస్తానని వచ్చాడు. ఆ మర్నాడు అద్దం తుడుస్తానని వచ్చాడు.

"ఈ వారంలో నా కళ్ళజోడుకి బిగించని మర లేదమ్మా," అన్నాడు పెద్దాయన ఆమెతో. "ఇంకో వారం పోతే తిప్పీ తిప్పీ విరగ్గొట్టేలా ఉన్నాడు. నువ్వేదో ఒకటి చెప్పెయ్యి."

చెప్పేసింది. పెళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో లోకమంతా ఆమె కోసమే తుడిచిపెట్టినట్టుండేది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే చాలు, పొద్దున్నే నవ్వొచ్చేది. అతను కోటు జేబులో మరిచిపోయిన, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఆమె సంచిలోకి ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలియదు. ఒక గొడుగు కింద ఇద్దరూ పట్టరని తెలిసీ రెండో గొడుగు కొనలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి చెయ్యి మధ్యాహ్నం చచ్చిపడింది. మర్నాడు పొద్దున పెద్దాయన అట్ట చూసి కొట్టేదాకా ఎవరికీ తెలియలేదు. ఒక గది నిండా క్యారెట్లు గడ్డకట్టి, కరిగి, కుళ్ళిపోయాయి. మేనేజరు కంప్యూటరమ్మను పిలిచి, ఇక అట్టలూ గిట్టలూ వద్దన్నాడు.

ఆమె కాపలా ప్రోగ్రాము పెట్టింది. కంప్యూటరు యంత్రం లేవగానే అన్నిటికంటే ముందు అది లేస్తుంది. ముక్కునీ, చేతినీ, గొంతునీ అదే లేపుతుంది. తర్వాత వాటినే చూస్తూ కూర్చుంటుంది. ఏది పడిపోయినా సెకనులో మళ్ళీ లేపుతుంది.

పెద్దాయన అంతా శ్రద్ధగా విన్నాడు. "అంటే తను పని చెయ్యదు. ఒకళ్ళని కూర్చోనివ్వదు. పడుకుంటే లేపుతుంది, పడిపోతే లేపుతుంది. ఎప్పుడు చూసినా గుమ్మంలోనే ఉంటుంది. అంతేనా?"

"అంతే మామయ్యా."

"అయితే దాని పేరు అత్తగారు."

ఆ సాయంత్రం ఈ మాట ఇంటికి చేరింది. అసలు అత్తగారు గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "నేను లేపకపోతే మీరు పదకొండింటికి లేచేవాళ్ళు. కంప్యూటరుకైనా నా విలువ తెలిసింది, సంతోషం," అంది. ఇంట్లో నలుగురూ అరగంట నవ్వారు.

కాపలా ప్రోగ్రాము పెట్టిన రోజుకు పెళ్ళయి సరిగ్గా నెల. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి వాళ్ళ గదికి కర్టెను కొనాలనుకున్నారు. ఆమె తన పేరుతో లాగిన్ అయి, అన్నీ ఒకసారి ఆపి, అత్తగారిని చేత్తో మొదలుపెట్టి చూసింది. ముక్కు లేచింది, చెయ్యి లేచింది, గొంతు లేచి 'బూ' అంది. యంత్రం ఎప్పుడు లేచినా అత్తగారే ముందు లేవాలని ఇంకో ఫైల్లో ఒక వరుస రాసింది.

"ఒకసారి యంత్రం మొత్తం ఆపేసి, మళ్ళీ వేసి చూద్దామా అమ్మా?" అన్నాడు పెద్దాయన. "కొత్త మోటారు బిగించినా నేను అట్లాగే చేస్తాను. నడుస్తున్నదాన్ని నడిపించడం వేరు, పడుకున్నది దానంతటదే లేవడం వేరు."

"అవసరం లేదు మామయ్యా, ఇప్పుడు చూశాంగా. మొత్తం ఆపితే మళ్ళీ లేచేదాకా రెండు నిమిషాలు ముక్కు ఉండదు."

బయట స్కూటరు హారన్ రెండుసార్లు మోగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"కొత్త పెళ్ళికొడుకు పొద్దెరగడని ఊరికే అన్లేదు," అన్నాడు పెద్దాయన. "పో తల్లీ, పో. ఆ హారన్ ఇంకోసారి మోగితే జనం గేటు దగ్గరికి పరిగెడతారు."

ఆమె సంచి తీసుకుని పరిగెత్తింది. ఆయన మేకు నుంచి అట్టముక్క తీశాడు. పారేయబుద్ధి కాలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కర్టెను పసుపుపచ్చది దొరికింది. పొద్దుటి ఎండ దానిలోంచి వస్తే గది అంతా పండిన పండు లోపలిలా ఉండేది.

పదకొండు రోజులు అన్నీ నడిచాయి. ఎవరూ ఆపకపోతే గొంతు పలకరించే పని లేదు కాబట్టి పలకరింపు ఆగిపోయింది. ప్యాకింగ్ గది ఆడవాళ్ళు దాని కోసం చూడడం మానేశారు. ఆ గదిలో ముగ్గురే. అందులో ఒకామెను నవ్వులక్క అనేవాళ్ళు. పలకరింపు ఆగాక రోజూ ఆవిడే 'బూ' అని అరిచి తొడుగులు వేసుకునేది. ఆవిడ చెల్లెలు కూడా అదే బల్ల దగ్గర పనిచేసేది. "మా అక్క గొంతుకి కరెంటు అక్కర్లేదు," అనేది.

పన్నెండో రోజు పొద్దున ఆరింటికి కరెంటు పోయింది. బ్యాటరీ కాసేపు లాగి చేతులెత్తేసింది. ఆరూ పన్నెండుకు కరెంటు వచ్చింది. యంత్రం తనంతట తను లేచింది.

ఆరూ పదహారుకు పెద్దాయన ఫోను చేశాడు. కంప్యూటరమ్మ అప్పుడే లేచింది. కర్టెను వెలుగులో కూర్చుని జడ వేసుకుంటోంది.

"అమ్మాయ్, కరెంటు పోయొచ్చింది. తెర మీద ముక్కు అంకె కనిపిస్తోంది, చెయ్యి కూడా కనిపిస్తోంది. గొంతు పలకరించలేదు."

"ఒక్క నిమిషం మామయ్యా, చూస్తాను."

ఆమె మంచం మీదే ల్యాప్‌టాప్ తెరిచి గిడ్డంగి యంత్రంలోకి వెళ్ళింది. కాపలా ప్రోగ్రామును అడిగితే మూడు వరుసలు చెప్పింది. ముక్కు: నడుస్తోంది, 214 సెకన్లు. చెయ్యి: నడుస్తోంది, 214 సెకన్లు. గొంతు: నడుస్తోంది, 1 సెకను.

ఆమె కాలికున్న చెప్పు మాయమైంది. మంచం కింద నుంచి మొగుడి నవ్వు వినిపించింది. "ఏయ్, ఇవ్వండి," అంటూ ఆమె కాలు చాపింది. ఆమె కళ్ళు మాత్రం 'నడుస్తోంది' దగ్గరే ఆగాయి. మూడు చోట్లా అదే మాట.

"నడుస్తోంది మామయ్యా. కరెంటు వచ్చిన హడావిడిలో కంప్రెసర్ల మోతకి మీకు వినపడి ఉండదు."

"నా చెవులు అంత మొద్దుబారాయంటావా?" ఆయన నవ్వాడు. "అట్ట నా జేబులోనే ఉంది. గొంతు ఒక్కటీ చేత్తో లేపనా?"

"వద్దు వద్దు. రెండు గొంతులై ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అత్తగారు చూసుకుంటుంది, మీరు వదిలెయ్యండి."

"సరే. అత్తగారికి ఎదురు చెప్పే ధైర్యం నాకెప్పుడుందిలే," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ రోజు ఆమె పని రెండో గిడ్డంగిలో. పదకొండూ ముప్పై రెండుకు మొదటి గిడ్డంగి కంట్రోలు గదిలో ముక్కు అంకె హద్దు దాటింది. గదిలో ఎవరూ లేరు. అంకె పసుపుకు మారింది, తర్వాత ఎరుపుకు మారింది. ముక్కు తన పని తాను చేసింది. ప్యాకింగ్ గదిలో వాసన కొంచెం ఘాటెక్కింది. చెల్లెలు తలెత్తి చూసింది.

"గొంతు మోగలేదుగా, కానీ," అంది నవ్వులక్క. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పెట్టె మూసింది.

పదకొండూ నలభై ఒకటికి గోడవారనున్న పైపు అతుకు ఊడింది.

అప్పుడు సైరన్ అక్కర్లేదు, అందరికీ తెలిసిపోయింది. పెద్దాయన తువ్వాలు తడిపి మొహానికి చుట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఒకామెను లాక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళి చెల్లెల్ని లాక్కొచ్చాడు. మూడోసారి గుమ్మం దాటాడు కానీ కళ్ళు కనపడలేదు. గోడ పట్టుకుని తడుముకుంటూ, నవ్వులక్కను పిలుస్తూ, పిలుస్తూ, గుమ్మానికి నాలుగడుగుల్లో పడిపోయాడు. ఆయన్ని తాడుతో బయటికి లాగారు. నవ్వులక్క గంటన్నర తర్వాత ఆపిల్ పెట్టెల వెనక దొరికింది. తలుపు ఎటుందో తెలియక ఎదురుగోడ వైపు వెళ్ళింది.

ఆసుపత్రిలో పెద్దాయన కళ్ళకు కట్లు కట్టారు. ఎడమ కన్ను పోయిందన్నాడు డాక్టరు. కుడి కంటికి వెలుగూ నీడా తెలిస్తే అదే గొప్ప అన్నాడు.

"ఏ పవరు అద్దం పెట్టినా?" అని అడిగాడు కొడుకు. ఇరవై వేల కళ్ళకు అద్దాలు అరగదీసిన మనిషి. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి పక్క మంచం వైపు వెళ్ళిపోయాడు.

రెండో రోజు పోలీసులు వచ్చారు. సైరన్ ఎందుకు మోగలేదని అడిగారు. మందుల మత్తులోనే, కాలిన గొంతుతో, పెద్దాయన చెప్పాడు: "రోజూ దాన్ని లేపేది నేనే. ఆ రోజు మర్చిపోయాను." రాసుకుని వేలిముద్ర తీసుకున్నారు. ఆయన చొక్కా జేబులో అట్టముక్క దొరికింది. దాన్ని మేనేజరు తీసుకున్నాడు.

మూడో రోజు కంప్యూటరమ్మ కంట్రోలు గదికి వెళ్ళింది. యంత్రాన్ని ఎవరో ఆపేశారు. ఆమె దాని డిస్కు తీసి తన యంత్రానికి తగిలించి, గొంతు తాలూకు చిట్టా తెరిచింది. ఒకటే వాక్యం ఉంది. 'సైరన్ పనిముట్టు దొరకలేదు.' కింద మళ్ళీ అదే. దాని కింద మళ్ళీ అదే. ప్రతి వాక్యం ముందూ గంట, నిమిషం, సెకను. ఆమె ఎంత కిందికి జరిపినా అది అయిపోలేదు.

అప్పుడు అర్థమైంది. ఆమె లాగిన్ అయినప్పుడు, సైరన్‌ను మోగించే చిన్న ప్రోగ్రాములాంటి పనిముట్లు యంత్రంలో ఏ అల్మారాలో ఉన్నాయో చెప్పే చీటీ ఆమెతో పాటే వస్తుంది. కర్టెను కొన్న సాయంత్రం చేత్తో మొదలుపెట్టినప్పుడు అత్తగారికి ఆ చీటీ అందింది. కరెంటు పోయి యంత్రం తనంతట తను లేచినప్పుడు చీటీ లేదు. గొంతు లేచింది, పనిముట్టు కోసం వెతికింది, దొరకక చచ్చిపోయింది. సెకనులో అత్తగారు మళ్ళీ లేపింది. మళ్ళీ లేచింది, మళ్ళీ చచ్చిపోయింది. ఎప్పుడు అడిగినా అది లేచి ఒక సెకనే అయి ఉంటుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. 'నడుస్తోంది' పక్కనున్న అంకెను ఆమె చదవలేదు, అంతే. చదివి ఉంటే, ఇంకోసారి అడిగి ఉంటే, రెండోసారీ అదే ఒకటి కనిపించేది.

పొద్దున ఆరూ పన్నెండు నుంచి పదకొండూ నలభై ఒకటి దాకా లెక్క చూసింది. పంతొమ్మిది వేల ఏడు వందల సార్ల పైన.

ఆ సాయంత్రం ఆమె అత్తగారికీ మొగుడికీ అంతా చెప్పింది. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు తాగకుండా చేత్తోనే పట్టుకుని అడిగింది.

"ఆ చిట్టా ఇంకెవరికైనా తెలుసా?"

"లేదత్తయ్యా."

"చెరిపెయ్యడం తెలుసా?"

"ఒక్క వరుస కొడితే పోతుంది."

"అయితే విను. ఆయన కళ్ళు ఎలాగూ పోయాయి. ఆ ఉద్యోగం ఎలాగూ పోయింది. తప్పు కూడా ఆయన దగ్గరే ఉండనీ. నీ ముందు ఇంకా జీవితం ఉంది. నా కొడుకు ముందూ ఉంది. నేను కట్టుకున్నవాడి గురించి నేను చెప్తున్నాను, నన్ను రాయి అనుకున్నా సరే." ఆవిడ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మొగుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఆ రోజు పొద్దున నువ్వు ల్యాప్‌టాప్ చూస్తుంటే," అని ఆగాడు. "చెప్పు దాచింది నేను."

"చదవాల్సింది నేను."

పసుపు కర్టెను అప్పుడే తీసేసి మడిచి పెట్టింది. గది మామూలు గదిలా ఉంది.

మర్నాడు ఆసుపత్రికి వెళితే పెద్దాయన అడుగుల చప్పుడును బట్టే పోల్చుకున్నాడు. మంచం పక్కన కూర్చోమన్నాడు.

"మీ అత్తయ్య చెప్పింది. తల్లీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అట్ట నాది, డ్యూటీ నాది. నేను చెప్పింది చెప్పినట్టు ఉండనీ."

"మీరు అడిగారు మామయ్యా. చేత్తో లేపనా అని అడిగారు. నేనే వద్దన్నాను."

"ఫోన్లో మాటలు ఎవరు విన్నారు?"

"మనిద్దరం విన్నాం."

ఆయన తల అటు తిప్పుకున్నాడు. తలుపు దగ్గర ఎవరో ఉన్నారు. నవ్వులక్క చెల్లెలు. దగ్గుతో గొంతు బొంగురుపోయి ఉంది. లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని ఆయన కట్ల వంకే చూస్తోంది.

"నన్ను లాక్కొచ్చింది నువ్వే కదా పెద్దాయనా," అంది. "మా అక్క నీ మతిమరుపు వల్లే పోయిందంటున్నారు. అదీ నువ్వే ఎలా అవుతావు? నేను నీ కాళ్ళకు మొక్కాలా, నిన్ను తిట్టాలా? అదేదో నువ్వే చెప్పు, నాకు తోచట్లేదు."

"తిట్టమ్మా," అన్నాడు.

ఆమె తిట్టలేదు. వెళ్ళిపోయింది. కంప్యూటరమ్మ ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. ఆయన వేలిముద్ర అలాగే ఉంటే ఆ ప్రశ్న ఆయన మంచం పక్కన ఆయన బతికినంత కాలం నిలబడి ఉంటుంది. చూడడానికి ఇంకేమీ మిగలని మనిషికి అదొక్కటే కనిపిస్తూ ఉంటుంది.

గురువారం పొద్దున పదింటికి ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, ప్రతి మాటా రాసుకుంటాడు. గ్యాస్ అంతా ఖాళీ చేసి, పాడవని సరుకు బయటికి మోయిస్తున్నారు. పెరట్లో ముప్పై మంది దాకా ఉన్నారు. కంట్రోలు గదిలో మేనేజరు అట్టముక్క చూపించాడు. "ఇదిగో సార్, ఆయన చేతి రాతే. రోజూ సైరన్ ప్రోగ్రాము మొదలుపెట్టడం ఆయన డ్యూటీ. ఒప్పుకున్నాడు కూడా." నవ్వులక్క తరఫున చెల్లెలు వచ్చి గోడవార నిలబడింది.

కంప్యూటరమ్మను స్కూటరు మీద మొగుడు తీసుకొచ్చాడు. గేటు దగ్గర దిగాక, "నేనూ లోపలికి వస్తా," అన్నాడు.

"సార్, ఆయన మర్చిపోలేదు," అంది ఆమె లోపలికి అడుగుపెడుతూనే. "ఆయన చెయ్యాల్సిన పనిని పన్నెండు రోజుల ముందే నేను తీసేశాను. ఏం జరిగిందో చూపిస్తాను."

"ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ," అన్నాడు మేనేజరు.

"చూపించనీ," అన్నాడు అధికారి.

ఆమె డిస్కును మళ్ళీ యంత్రంలో బిగించింది. మీట వేసింది. పెళ్ళయి నెలైన ఆ సాయంత్రం, రెండు నిమిషాలు ముక్కు ఉండదని చెయ్యని పని అది. తెర నల్లగా ఉండి, మెల్లగా అక్షరాలు పరుచుకున్నాయి. ముక్కు లేచింది. సున్నా చూపించింది. చెయ్యి లేచింది. పెరట్లో సైరన్ మోగలేదు.

ఆమె కాపలా ప్రోగ్రామును అడిగింది. అధికారి వంగి చదివాడు. "గొంతు, నడుస్తోంది. నడుస్తోందిగా?"

"నేనూ అదే అన్నాను సార్. పక్కన చూడండి."

"ఒక సెకను."

"ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను."

"ఒక సెకను." అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంకోసారి అడుగు." అడిగింది. ఒక సెకను. పక్కనున్న ముక్కుకు అప్పటికి తొంభై దాటాయి.

ఆమె చిట్టా తెరిచింది. ఒకటే వాక్యం కిందికి పారుతూ పోయింది. ఆ రోజు పొద్దున పెద్దాయన ఫోను చేసింది, ఆయన అడిగింది, తను వద్దన్నది, అన్నీ చెప్పింది. అధికారి కలం ఆగకుండా కదిలింది.

చెల్లెలు గోడ వదిలి తెర దగ్గరికి వచ్చింది. "అంటే," అంది, "అంతసేపూ అది లేవాలనే చూస్తూ ఉందా?"

"ఊఁ."

"మేము లోపల పెట్టెలు కడుతున్నంతసేపూ?"

"ఊఁ."

ఆమె వేలితో తెరను తాకింది. వాక్యాలు ఆ వేలి కిందినుంచే పోతున్నాయి.

"సరిచేస్తే మోగుతుందా?" అడిగాడు అధికారి. "ఏం లోపించిందో తెలియాలి."

ఆమె గొంతు ఫైలు తెరిచి, పనిముట్టు ఎక్కడుందో చెప్పే ఒక్క వరుస రాసింది. ఒక్కటంటే ఒక్కటి. ఫైలు సేవ్ చేసి, మీటల మీంచి చేతులు తీసేసింది. సెకనులో అత్తగారు గొంతును మళ్ళీ లేపింది.

పెరట్లో సైరన్ 'బూ' అంది. చిన్న పలకరింపే.

బయటివాళ్ళకు ఎవరూ ముందుగా చెప్పలేదు; ప్రమాదం తర్వాత పలకరింపేదో హెచ్చరికేదో ఆగి వినే ధైర్యం ఎవరికీ లేదు. పెట్టెలు కిందపడిన చప్పుడు వరసగా వినిపించింది. కంట్రోలు గది కిటికీలోంచి అందరూ చూశారు. మూటలు మోస్తున్నవాళ్ళు, లారీ మీదున్నవాళ్ళు, చివరి గదిలో ఉన్నవాళ్ళు, మొహాలకు గుడ్డలు అడ్డం పెట్టుకుని గేటు వైపు పరిగెత్తుతున్నారు. పడ్డవాళ్ళను పక్కవాళ్ళు రెక్కపట్టి లేపుతున్నారు. ప్యాకింగ్ గదిలో ఊడుస్తున్న ముసలామె చీపురుతోనే పరిగెత్తింది. అధికారి అలవాటు కొద్దీ గడియారం చూశాడు. అందరూ గేటు దాటేసరికి నలభై సెకన్లు. పైపు అతుకు ఊడేముందు ముక్కు ఇచ్చిన వ్యవధి తొమ్మిది నిమిషాలు. అది ఆయన అంతకుముందే రాసుకుని ఉన్నాడు.

పెరడు ఖాళీ అయింది. దొర్లిన ఆపిల్ ఒకటి గోడను తాకి ఆగింది.

"మా అక్క నాకంటే బాగా పరిగెత్తేది," అంది చెల్లెలు, కిటికీలోంచి చూపు తిప్పకుండా. కంప్యూటరమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బయటికి వెళ్ళింది. పరిగెత్తలేదు, నడిచి వెళ్ళి గేటు దగ్గరున్నవాళ్ళలో కలిసింది.

మేనేజరు అట్టముక్కను బల్ల మీద పెట్టి, దాన్ని అటూ ఇటూ జరుపుతున్నాడు. మొగుడు వచ్చి దాన్ని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.

అధికారి కాగితం వెనక్కి తిప్పి, పెద్దాయన పేరున్న వరుసను కొట్టేశాడు. పక్కన కొత్త వరుస మొదలుపెట్టి కలం ఎత్తి పట్టుకున్నాడు.

"నీ పూర్తి పేరు చెప్పమ్మా. తప్పు పడకూడదు."

ఆమె చెప్పింది. ఆయనకు సరిగా వినపడలేదు. ఇంకోసారి, పెద్దాయన పదకొండేళ్ళు అట్ట చూసి కొట్టినట్టే, అక్షరం అక్షరం చెప్పింది.